రెండోసారి వేసిన పాట

పాకాల,
శుక్రవారం

మీకు మునిలక్ష్మి నమస్కారాలు. ఇక్కడ నేనూ, శని ఆదివారాల్లో వచ్చిపోయే మన సుజనా కులాసా. పూణేలో మీరూ, మీ హోటలు పనీ, మీ మోకాలూ కులాసా అనుకుంటాను.

మీరు జాబులో అడిగినవాటికి ముందు జవాబులు. నూనె సీసా అందింది గానీ మూత ఊడి సగం సంచీయే తాగింది. బోరులో నీళ్లకు లోటు లేదు. సుజన తిరుపతిలో బడిపిల్లల చేత నాటకం వేయిస్తోంది. ఆవకాయలో కారం కాస్త ఎక్కువైంది, మీరు వద్దన్నా పంపుతాను. ఆఖరున "థియేటరు సంగతేమైంది" అని, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ల గురించి అడిగినట్టు అడిగారు. ఈ జాబు దాని కోసమే. ఫోనులో ఢిల్లీబాబు పేరెత్తితే చాలు, మీకు సిగ్నల్ పోతుంది కదా.

థియేటరు అమ్మేశారు. అక్కడ మామిడికాయల మండీ కడతారట. పడగొట్టే ముందు, ఎల్లుండి కాదు, ఆపై ఆదివారం పొద్దున ఒక్క ఆట వేస్తారు. ఓనరు గోడౌన్లో ఒకే ఒక పాత సినిమా రీళ్ల పెట్టె మిగిలి ఉంది. ఏ సినిమానో చెబితే మీరు ఈ కాగితం మడిచి జేబులో పెట్టేస్తారని తెలుసు, అయినా చెబుతున్నాను. పెళ్లిలో టపాకాయ పేల్చి ఆడపిల్ల చూపు పోగొట్టినవాడు, వేరే పేరు చెప్పుకుని రోజూ ఆమెకు నవలలు చదివి వినిపిస్తాడే, అదే సినిమా.

ఆ సినిమా పేరు వినగానే నాకు అప్పట్లో జడలో పెట్టుకున్న కనకాంబరాల వాసన వచ్చింది. నవ్వకండి, కనకాంబరాలకు వాసన ఉండదని నాకూ తెలుసు. ఆడవాళ్ల బెంచీ మీద కూర్చుని నేను తెర కంటే వెనక్కే ఎక్కువ చూసేదాన్ని. మీరు ఆపరేటరు గదిలోంచి నా కోసం తొంగిచూస్తే మీ తల నీడ తెర మీద పడేది. జనం మిమ్మల్ని తిట్టేవాళ్లు. ఆ తిట్లు వింటే నాకు ఎంత గర్వంగా ఉండేదో.

పాకాలకూ దామలచెరువు టెంటు సినిమాకూ కలిపి ఒకే పెట్టె వచ్చేది. ఇక్కడ ఆడిన రీళ్లను ఢిల్లీబాబు మోపెడ్ మీద అక్కడికి మోసేవాడు. అందుకే జనం ఎంత "వన్స్ మోర్" అని గోల చేసినా పాట మళ్లీ వేయకూడదని ఓనరు ఆజ్ఞ. ఈ సినిమా ఆడిన ఆ సాయంత్రం మాత్రం ఎవరూ గోల చేయలేదు. అయినా మీరు పాట మళ్లీ వేశారు. రీలు ఆలస్యమైంది. అక్కడ టెంటులో జనం ఈలలు వేస్తుంటారని ఢిల్లీబాబు బండి వేగంగా తోలుకుంటూ పోయాడు. కాయల ట్రాక్టర్ల నుంచి రాలి చితికిన మామిడిపండ్ల మీద బండి జారింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు.

తర్వాత మీరు చేసింది ఊరంతా చూసింది. అతన్ని మీ స్టూలు మీద కూర్చోబెట్టి, ఫిల్ము ఎక్కించడం నేర్పి, మీ ఉద్యోగం అతనికి ఇప్పించి పూణే బస్సెక్కారు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు, మీరు మాత్రం ఇన్నేళ్లూ కడుగుతూనే ఉన్నారు. సెలవుల్లో వచ్చినా స్టేషను నుంచి చుట్టుతోవన నడుస్తారు. పెళ్లయ్యాక మనం కలిసి ఒక్క సినిమా చూడలేదు. "నాయనకు సినిమాలంటే ఎందుకంత కోపం" అని సుజన అడిగితే తలనొప్పి అని చెప్పాను.

ఆ పాట ఎవరి కోసం వేశారో నాకు తెలియదని మీ నమ్మకం. నాకు ఆ రోజే తెలుసు. పొద్దున టైపు ఇన్‌స్టిట్యూటు మెట్ల మీద "ఆ పాట ఇట్టే అయిపోతుంది, ఇంకోసారి చూస్తే బాగుండు" అని మీతో అన్నది నేనే కదా. రెండోసారి పాట మొదలవగానే బెంచీ మీద నేనొక్కదాన్నే నవ్వుకున్నాను. తర్వాత నోరు విప్పితే పాపంలో సగం నాకు వస్తుందని భయపడ్డాను. మొత్తం మీ నెత్తిన వదిలేశాను.

నిన్న ఢిల్లీబాబు దగ్గరికి వెళ్లాను. ప్రొజెక్టరు మిషను విప్పుకుని నూనె పెడుతున్నాడు. అంతా చెప్పేశాను. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఆ పొద్దు పాట రెండోతూరి పడతానే నేను గూడా ఈల ఏసినాను వదినా," అన్నాడు. "అన్న నాకోసరమే ఏసినాడనుకున్న్యా."

"మరి ఆయన మీద కోపం లేదా అబ్బా?" అన్నాను.

"ఎందుకు లేదు? శానా ఉండాది. కాలు పోయిందానికి కాదు. పాకాలకు వచ్చి గూడా నా మొగం సూడకుండా పోతాడే, దానికి. నాకు కాలొకటే పోయిందనుకుంటి, అన్న గూడా పాయె." మళ్లీ నూనె డబ్బా అందుకుని, "ఆదివారం కడాపటి రీలు అన్నే ఎక్కించల్ల. ఆయప్ప రాకపోతే నేను మిషను తిప్పను. యాడుండాడో ఆడికి రాసెయ్," అన్నాడు.

అందుకే రాశాను. ఆ సినిమా చివర గుడ్డిపిల్ల అంటుంది, మొదటి రోజే నీ గొంతు గుర్తుపట్టాను, చెబితే రావడం మానేస్తావని ఊరుకున్నాను అని. ఆ రీలు ఎన్నిసార్లు ఆడించారో, పక్కనున్న మనిషి గురించి మాత్రం మీకు అనుమానమే రాలేదు.

సెలవు అడగండి. ఇవ్వకపోతే అడక్కుండా రండి. స్టేషను నుంచి చుట్టుతోవ వద్దు, థియేటరు వీధిలోనే నడిచి రండి. నేను ఆ పాత బెంచీ మీదే ఉంటాను. పాట అయిపోగానే లేచి నిలబడి, సుజన సిగ్గుపడినా సరే, హాలంతా వినేలా నేనే అరుస్తాను, వన్స్ మోర్ అని.

ఇట్లు,
పాట అడిగిన మీ భార్య
మునిలక్ష్మి