పడవ మీద పేరు

ఫిబ్రవరి 3

నిన్న నువ్వన్నది తప్పు. నువ్వంటే నువ్వే, నిన్నటి పేజీవి. "నూకరాజు దావాకి ఫీజు లేదు" అని ధీమాగా చెప్పావు, అదీ నా చేతిరాతలో. ఉంది. కట్టలేనివాడని ముందు కోర్టు నమ్మాలి. నమ్మితే ఇప్పటికి వదిలేస్తారు, గెలిస్తే వచ్చిన డబ్బులోంచి పట్టుకుంటారు. రాత్రి అన్నం తింటూ మనవరాలు స్వర్ణ దిద్దింది. దాని మొదటి సొంత కేసు, నల్లకోటు కుర్చీకి తగిలించి మరీ చెప్పింది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పిల్లల తప్పులు దిద్దాను. ఇప్పుడు నా వంతు.

పోయిన కన్నుకి అడిగే నష్టపరిహారాన్ని బట్టి ఫీజట. కన్నుకి విలువ కట్టేకొద్దీ కోర్టు గుమ్మం ఎత్తు పెరుగుతుందన్నమాట.

ఫిబ్రవరి 4

చేపల పోలమ్మ వచ్చింది. గంప దించి, గుమ్మంలో కూర్చుని వంజరం కోసింది. నేను మాత్రం దాని కొడుకు నూకరాజు సంగతి తప్ప ఏదీ వినలేదు.

నూకరాజు జెట్టీ దగ్గర కొట్లాటలో ఒకడి తల పగలగొట్టాడు. శిక్ష పడింది. నేను వెనకేసుకు రాను. కానీ జడ్జిగారు చదివిన శిక్షలో కన్ను లేదు. జైల్లో కన్ను నొప్పి నొప్పి అని మొత్తుకుంటే చుక్కల మందిచ్చి పొమ్మన్నారట, మళ్ళీ మళ్ళీ. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ఎడమ కన్ను పోయింది.

"డబ్బులకి కాదు పంతులమ్మా. ఆడి కన్ను ఎందుకు పోనాదో ఎవులో ఒకలు నా మొకం సూసి సెప్పాల."

కత్తి ఆగలేదు.

ఫిబ్రవరి 6

పొగమంచు. యారాడ కొండ లేదు. ఎవరో తడిగుడ్డతో తుడిచేశారు.

మధ్యాహ్నం కునుకు. హార్బరులో ఓడ కూత... ఆయన ఉండగా కూత వినే ఏ ఓడో చెప్పేవారు. సగం తప్పులే. నాకు తెలుసని ఆయనకి తెలియదు. మెలకువ వచ్చేసరికి వంటింట్లో నీళ్ళ చప్పుడు, ఓడ అక్కడే ఆగినట్టు.

ఫిబ్రవరి 7

స్వర్ణ చెప్పులు విప్పకుండా వచ్చి కూలబడింది.

"అమ్మమ్మా, వాడికి పడవ ఉందట."

"ఎవరన్నారే?"

"వాళ్ళమ్మే."

అసలు పడవ పోలమ్మ అన్నయ్య ఎల్లాజీది. ఆ పేటలో ఒక పద్ధతి ఉంది. మనిషి దూరమైతే, జైలైనా, పరాయి నీళ్ళలో చిక్కినా, అయినవాళ్ళ పడవ మీద అతని పేరు రాయిస్తారు. సముద్రం మరిచిపోకూడదని. తిరిగొచ్చేదాకా ఎవరడిగినా ఆ పడవ అతనిదే అనాలి. కాదంటే మనిషిని వదిలేసుకున్నట్టే.

నూకరాజుకి ఆస్తి ఉందా లేదా అని విచారించడానికి రెవెన్యూ ఆయన వచ్చాడు. ఒడ్డున నిలబడి, "ఎవరిదమ్మా పడవ?" అన్నాడు.

"పేరు అగుపడ్డంలేదా బాబూ? నా కొడుకుది."

ఆయన రాసుకుపోయాడు. రాసుకోక పాపం ఏం చేస్తాడు. పడవ ఉన్నవాడు ఫీజు కట్టాలి. కట్టకపోతే దావా గుమ్మంలోనే ఆగిపోతుంది. ఇక ఆ కన్ను గురించి ఎవరూ ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

ఫిబ్రవరి 9

కలలో పడవ మా వీధిలోంచి వెళ్తోంది. నీళ్ళు లేవు. మేడ మీద ఆరేసిన చీరలు పక్కకి జరిగి దారిస్తున్నాయి.

ఫిబ్రవరి 10

స్వర్ణతో ఒడ్డుకి వెళ్ళాను. ఇసకలో నా నడక చూసి కుక్కలు కూడా జాలిపడ్డాయి.

ఎల్లాజీ వల బాగుచేస్తున్నాడు. "లైసెన్సు నా పేరునే ఉన్నాది పాపా. కోర్టుకొచ్చి సెప్పమంటే సెప్తాను. తరవాత మా సెల్లి నన్ను బతకనిత్తాదేటి?"

అతనొక్కడూ చెప్తే చాలదంది స్వర్ణ. కొడుకుదని పోలమ్మ అంది కనక పోలమ్మే కాదనాలి.

పోలమ్మ పడవకి ఆనుకుని నిలబడింది. "నాను అనను."

"కోర్టు హాలు సముద్రం కాదే" అన్నాను.

"ఉప్పుగాలి అక్కడికీ తగుల్తాది పంతులమ్మా. ఇంటాది."

"వింటే?"

"అసలే ఒంటి కన్ను. నా నోటితోనే పేరు సెరిపేత్తే ఆడు ఏ దారిని వత్తాడు?"

ములాఖత్‌కి వెళ్ళినప్పుడల్లా వాడు మొదట అడిగేది అదేనట. పేరు ఉన్నాదా అమ్మా ఇంకా, అని.

నేను చదువుకున్నదాన్ని. చెప్పుల్లో ఇసక దులుపుకున్నాను.

ఫిబ్రవరి 13

ఏమీ తేలలేదు. చింతపండు గింజలు తీశాను. రాత్రి స్టీల్ ప్లాంటు వైపు ఆకాశం ఎర్రగా... అటు కూడా పొద్దు పొడుస్తోందేమో అనిపించింది కాసేపు.

ఫిబ్రవరి 16

పోలమ్మ గంప లేకుండా వచ్చింది. అలా రావడం ఎప్పుడూ చూడలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో దానికి తెలియడం లేదు. స్వర్ణ ఇంట్లో లేదు.

"అన్న మాట ఎనక్కి తీసుకోడం కుదురుతాదా పంతులమ్మా?"

"కోర్టులోనా?"

"కోర్టు అయిపోనాక. నీళ్ళకాడ."

కుదురుతుందన్నాను. ఏ అధికారంతో అన్నానో తెలియదు. కొంగుతో మొహం తుడుచుకుని, "అయితే అనేత్తాను" అంది.

వెళ్ళబోతూ గేటు దగ్గర ఆగింది. ఉప్పుకి పేరు సగం మాసిపోయిందట. ఎల్లాజీ పిలిచినవాడు కోడి కెలికినట్టు రాశాడట. "ఈపాలి నువ్వు రాయి. దూరానికి అగుపడాల."

నల్లబల్ల మీద తప్ప పెద్దక్షరాలు రాసినదాన్ని కాను. సరేనన్నాను.

ఫిబ్రవరి 17

రేపే విచారణ. స్వర్ణ అద్దం ముందు నిలబడి జడ్జిగారితో మాట్లాడుతోంది. అద్దంలో జడ్జిగారు ఒప్పుకుంటున్నారు. అసలాయన ఏమంటారో. మొదట ఒక మాటన్న తల్లి ఇప్పుడు ఇంకో మాటంటే ఏది నమ్ముతారో. పద్ధతి సంగతి విడమరిచి చెప్తానంటోంది స్వర్ణ. వినే ఓపిక ఉండాలి ఆయనకి.

మంచు మళ్ళీ దిగుతోంది. కొండ సగమే ఉంది.

రేపు కోర్టయ్యాక, ఏది తేలినా, తేలకపోయినా, పూర్ణా మార్కెట్ దగ్గర ఆటో దిగాలి. తెల్ల ఎనామెల్ పెయింటు, చిన్న డబ్బా. ఉప్పునీళ్ళకి ఆగేది కావాలని గట్టిగా అడగాలి. అరంగుళం బ్రష్షు. టర్పెంటైను. సుద్దముక్క ఇంట్లో ఉంది, ముందు దాంతో గీసుకోవచ్చు. కోర్టులో కాదనిపించిన పేరే మళ్ళీ రాస్తున్నానంటే స్వర్ణ ఊరుకోదు, దాని కంట పడకుండా కూరల సంచిలో అడుగున పెట్టాలి. ఎల్లాజీకి మాత్రం పొద్దున్నే ఫోన్ చెయ్యాలి — పడవని పొడి ఇసకలోకి లాగించి ఉంచమని.