పేరు పండుగ పూట బండి ఎక్కువసేపు ఆగిన సంగతి

పురపాలక సంఘం వాహనాల నిలుపుదల విభాగం అధికారి శ్రీ ఎలెఫ్తేరియోస్ గారి సముఖమునకు,

ఉప్పుకొట్ల సందులో కొట్లకు ఉల్లిపాయలు, బంగాళాదుంపలు వేసే ఫోటిస్ కరాబెలాస్ రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: సరుకు దించే చోట నా నీలం ట్రక్కు గడువు మించి నిలిచినదని వేసిన నాలుగు జరిమానా చీటీలలో మూడింటిని రద్దు చేయవలసిందిగానూ, నాలుగోదాన్ని మాత్రం దయచేసి ముట్టుకోవద్దనిన్నీ కోరుట గురించి.

పై విషయమై తమరికి విన్నవించుకొనునది ఏమనగా, నాలుగు చీటీలు అయినందున సందులోకి నా ప్రవేశ అనుమతి ఏల రద్దు చేయరాదో తెలుపవలెనని తమరు పంపిన కాగితం అందినది. ఈ అర్జీలోని పెద్ద మాటలన్నీ అందులోంచి తీసుకున్నవే, వాడుకుని తిరిగి ఇస్తున్నాను.

ఏల రద్దు చేయరాదనగా, అనుమతి పోతే బండి పెద్దరోడ్డు మీదే ఆగాలి. అక్కణ్ణుంచి బస్తాలు నా వీపు మీద రావాలి. నా వీపు అందుకు సమ్మతించుట లేదు. అప్పుడు నేను ఇంట్లో కూర్చోవాలి. ట్రక్కు వెనకభాగంలో టమాటా నారు పోస్తాననీ, పక్కనే నాకో కుర్చీ వేసి బీన్స్ ఒలిపిస్తాననీ మా కోడలు అర్గిరో ఇప్పటికే ప్రకటించి ఉన్నది. ఆమె అన్నంత పనీ చేసే మనిషి. కావున ఇది నాకు ప్రాణం మీదికి వచ్చిన విషయం.

1. సరుకు బండికి పదిహేను నిమిషాలు గడువు. వచ్చిన టైము అద్దం ముందు అట్ట గడియారం మీద పెట్టాలి. పెడుతున్నాను. బస్తాలు దించడానికి అంతసేపు కూడా పట్టదు. మిగిలిన ఆలస్యమంతా పేరు పండుగలది. మన గ్రీసులో మనిషి పుట్టినరోజు మరిచిపోతే క్షమిస్తారు గానీ, అతని పేరుగల పునీతుడి రోజున గుమ్మం దాకా వచ్చి నోరు తీపి చేసుకోకుండా పోతే మనవల కాలం దాకా గుర్తుపెట్టుకుంటారు. తమరికి తెలియనిది కాదు.

2. మొదటి చీటీ పోయిన జులైలో, రొట్టెల కొట్టు పరస్కేవి పండుగ నాడు. బస్తా దించి, "నూరేళ్లు చల్లగా ఉండు పిల్లా" అని వెనక్కి తిరిగాను. ఆ పిల్లకి అరవై దాటాయి.

"ఎక్కడికి ఫోటిస్ బావా? కూర్చో. పుల్ల చెర్రీల పాకం ఇప్పుడే దించాను."

చిన్న పళ్లెం, చెంచా, పక్కన చల్లటి నీళ్లు. తిన్నాను.

"మీ ఆవిడ చేసినట్టుందా?" అని అడిగింది.

అయ్యా, తమరైతే ఏం చెబుతారు? లేదంటే ఈమె ఏడుస్తుంది. ఉందంటే పైలోకంలో ఉన్న మా ఆవిడ వింటుంది. ఆలోచించుకోవడానికి ఇంకో పళ్లెం అడగాల్సి వచ్చింది.

3. రెండో చీటీ ఆ మర్నాడే. అది పునీత పాంతెలిస్ రోజు. మా సందులో పాంతెలిస్‌లు ఇద్దరు, ఒకడు చేపలు వేయిస్తాడు, ఒకడు కాఫీ అమ్ముతాడు. కుర్చీలు నా వాకిట్లోకి జరిపావంటే నా వాకిట్లోకి జరిపావని గొడవపడి మాటలు మానేశారు. ఒకడి దగ్గర తింటే రెండోవాడి దగ్గరా తినాలి, అదీ అంతే తినాలి. కాఫీ పాంతెలిస్ నా మూతి చూసి, "ఏం తాతా, వాడి దగ్గర రెండు ముక్కలు తిన్నట్టున్నావే, నాది చేదా?" అన్నాడు. పదిహేను నిమిషాల లెక్క వేసినవారు ఒక్క పాంతెలిస్‌నే దృష్టిలో పెట్టుకున్నట్టు కనబడుచున్నది.

4. మూడోది ఫిబ్రవరిలో, పులుసు హోటలు ఖరాలంబోస్ పండుగది. బండి నడపాలి, మందు వద్దన్నాను. వద్దని అతన్ని ఒప్పించేలోగా ఒక సీసా ఖాళీ చేసి ఉండొచ్చు. కానీ ముట్టలేదు, రాసుకోండి.

ఈ మూడు చీటీలూ రాసినవాడు తమ విభాగపు పెరిక్లీస్. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చొక్కాలోనే పుట్టినట్టుంటాడు. మూడో చీటీ బండి అద్దం మీద పెడుతుంటే ఉండబట్టలేక అడిగాను.

"బాబూ, నీకు పేరు పండుగ లేదా ఏంటి?"

"లేదు తాతా."

"అదేంటి?"

"మా తాతకి పాత చరిత్రంటే పిచ్చి. వెతికి వెతికి ఈ పేరు పెట్టాడు. ఈ పేరుతో పునీతుడెవడూ లేడు."

"అలాంటివాళ్లకి సర్వపునీతుల ఆదివారం ఉందిగా?"

"ఉంది. ఎవరికి గుర్తుంటుంది తాతా? మా ఇంట్లోవాళ్లకే ఉండదు." అట్ట గడియారం వంక చూశాడు. "బండి తీయి."

అయ్యా, అప్పటిదాకా ఈ మనిషికి గుండె లేదనుకున్నాను. ఉంది. దాన్ని ఎవరూ పిలవలేదు, అంతే.

5. ఈ జూన్‌లో సర్వపునీతుల ఆదివారం వచ్చింది. పెరిక్లీస్‌కు సెలవు. సోమవారం పొద్దున నేను బండి ఆపి, గడియారం పెట్టి, బస్తాలు దించకముందే సందుకి కబురు పెట్టాను. పరస్కేవి పంచదార పొడి దట్టంగా అద్దిన బాదం బిస్కెట్లు తెచ్చింది. పాంతెలిస్‌లు ఇద్దరూ చెరో కుర్చీ తెచ్చారు. పెరిక్లీస్ మలుపు తిరగగానే ఖరాలంబోస్ గొంతెత్తి అరిచాడు, "నూరేళ్లు బాబూ! నిన్ననే నీ పండుగ!"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు, వెనక ఎవరైనా ఉన్నారేమోనని.

"నాకా?"

"మరి నా గాడిదకా? కూర్చో," అన్నాను.

ఏ కుర్చీలో కూర్చున్నా రెండో పాంతెలిస్ అలుగుతాడు. కాసేపు ఇందులో, కాసేపు అందులో కూర్చుని తిన్నాడు. చిన్నప్పుడు బడిలో పేరు పండుగల నాడు అందరూ మిఠాయిలు పంచుతుంటే తను చేతులు జేబులో పెట్టుకుని నిలబడేవాణ్ణని చెప్పాడు. పరస్కేవి ఇంకో బిస్కెట్టు పెట్టింది.

తరవాత ఆయన లేచి, చొక్కా దులుపుకుని, నా బండి వైపు చూశాడు.

"తాతా... గడువు దాటింది."

"నీ వల్లే దాటింది బాబూ."

"అందరూ చూశారు. రాయకపోతే రేపు మిగతావాళ్లకి ఏ మొహంతో రాయను?"

"రాయి నాయనా. పండుగ పూట నీ చెయ్యి ఖాళీగా ఎందుకుండాలి?"

రాశాడు. అదే నాలుగో చీటీ, ఇందుతో జతపరచడమైనది. దాని మీద తెల్లటి వేలిముద్రలు నావి కావు. పరస్కేవివీ కావు.

కావున, పై మూడు చీటీలు కొట్టేసి నా ప్రవేశ అనుమతి నిలపవలసిందిగా ప్రార్థన. నాలుగోది చెల్లిస్తాను. దాన్ని కొట్టేస్తే కారణం రాయాల్సి వస్తుంది, కారణం రాస్తే డ్యూటీలో బిస్కెట్లు తిన్న సంగతి బయటపడుతుంది. ఆ సంగతి ఈ అర్జీలో ఎక్కడా లేనట్టు భావించగలరు. పైగా ఆ చీటీ పండుగ చేసుకున్నవాడు తిరిగి పెట్టింది. పెట్టింది కాదనకూడదు.

ఇదంతా చిత్తగించవలెను. చిత్తానికి ఎక్కకపోతే పొద్దున్నే ఏమీ తినకుండా మా సందుకి వచ్చి చిత్తగించవలెను.

ఇట్లు,
గడువు దాటినా తమ విధేయుడే,
ఫోటిస్ కరాబెలాస్

తా.క.: తమ పేరు పండుగ డిసెంబరులో అని మీ ఆఫీసు గుమ్మంలో కూర్చునే అమ్మాయి చెప్పింది. సందంతా కలిసి వస్తున్నాం, వద్దన్నా లాభం లేదు. మీ ఆఫీసు ముందు కూడా పదిహేను నిమిషాలే అని బోర్డుంది. బండి ఎక్కడ పెట్టమంటారో ఇప్పుడే చెప్పండి. ఆ రోజు అక్కడ డ్యూటీ పెరిక్లీస్‌దేనట.