చిల్కూట్ దారికి ఇంకో సంచి

స్కాగ్వే, సోమవారం

అమ్మా, పడవలో కడుపు తిప్పలేదు, మోకాలు పేచీ పెట్టలేదు, బెంగ పెట్టుకోకు. చిల్కూట్ కనుమ ఎక్కడానికి నాకు గురువారం రాసిచ్చారు. ఆ రోజు దాటితే ఈ వేసవికి ఇక ఖాళీ లేదట.

నాకు చెప్పకుండా మేజోళ్ళ మధ్య నువ్వు దాచిన చేపనూనె సీసా మూత ఊడి, సంచంతా కారింది. కనుమ దారికి అనుమతిచ్చే ఆఫీసులో సంచి విప్పగానే అక్కడి అమ్మాయి ముక్కు మూసుకుంది. "ఆంటీ, దీంతో వెళ్తే ఎలుగుబంట్లు మీ వెనకే వస్తాయి. వేరే సంచి తెస్తేనే పంపుతాను" అంది.

"మా ముత్తాత ఈ నూనె తాగే ఈ కొండ మీదికి జనం బరువులు మోశాడు, తెలుసా?" అన్నాను.

"ఆయనొచ్చినా ఆపేదాన్నే" అంది.

మూడుసార్లు ఉతికాను. వాసన పోలేదు.

అన్నయ్య గుడ్డ సంచి బుధవారం పడవకి పంపించు. అది చేపలు ఆరేసే పొగగదిలో తగిలించి ఉంటే మాత్రం వద్దు, ఎల్సీ అత్తని అడిగి వాళ్ళది పంపు. కుక్క కాలి పుండు మానిందా?

ఆ ఆఫీసులో నింపమన్న కాగితంలో మన ఇంట్లో ఇంతకుముందు ఈ దారి ఎవరు నడిచారు, ఎన్నిసార్లు అని అడిగారు. మీ తాత పేరు రాశాను. అంకె తెలియక, 'బరువు దొరికినప్పుడల్లా' అని రాశాను.

అత్తనీ పిల్లల్నీ అడిగానని చెప్పు. నూనె మళ్ళీ పంపకు. పంపకుండా ఉండలేకపోతే మూత మీద గుడ్డ గట్టిగా కట్టు.

నీ ఇర్మా