ప్రోటీన్ ఉందట

షెఫీల్డ్, 2014 నవంబర్, గురువారం రాత్రి

ఒడ్డుకు కొట్టుకొచ్చి చనిపోయిన ఆడ డాల్ఫిన్ మూత్రాన్ని ఈరోజు ల్యాబులో పరీక్షించాను. ప్రోటీన్ విపరీతంగా ఉంది. కిడ్నీలు ఎప్పుడో దెబ్బతిన్నాయి. "పైకి ఏమీ తెలియదు. చివరిదాకా గుంపుతో కలిసి ఈదే ఉంటుంది" అన్నారు మా ప్రొఫెసర్.

ఆ మాట వినగానే నార్తాంప్టన్‌లో ఉన్న అక్క గుర్తొచ్చింది. ఏడో నెల. కాళ్ళు వాచాయని మొన్న నవ్వుతూ చెప్పింది. బయటికొచ్చి ఫోన్ చేశాను.

"వాపు తగ్గిందా అక్కా?"

"లేదే. ముఖం కూడా కాస్త ఉబ్బింది. రేపు డ్యూటీ అయ్యాక చూపించుకుంటాలే."

"రేపు కాదు, ఇప్పుడే వెళ్ళు. యూరిన్‌లో ప్రోటీన్ పోతోందేమో టెస్ట్ చేయమని అడుగు."

"డాల్ఫిన్లతో ఉండి ఉండి నీకు పిచ్చెక్కిందే" అంది. కానీ వెళ్ళింది.

సాయంత్రం బావ ఫోన్ చేశారు. ప్రోటీన్ ఉందట, బీపీ బాగా ఎక్కువట, హాస్పిటల్లో చేర్చుకున్నారట. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందట. నెలలు నిండకుండానే కాన్పు చేయాల్సి రావచ్చట. ఆ తర్వాత బావ చెప్పినవేవీ నా తలకెక్కలేదు.

అక్క ఫోన్ తీసుకుని, "నువ్వు రావద్దులే, నీ పని పాడవుతుంది" అంది. తర్వాత మెల్లగా అడిగింది.

"పొద్దున మొదటి ట్రైన్ ఎన్నింటికే?"