నా భార్య కన్ను మూయలేదని మనవి

ఆరోగ్య ఫోన్ సేవ అధికారి గారి సముఖమునకు, హనుమాన్ జంక్షన్ బస్‌స్టాపు ఎదుట టీకొట్టు నడుపుకొను ఎలీషా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా భార్య హెప్సిబాను తిరిగి బతికియున్నవారిలో చేర్చుట గురించి.

1. గత ఆదివారం నా భార్య కుడికన్ను వాచిపోయినది. కంటి డాక్టరు గారి అపాయింట్‌మెంటు కొరకు కొట్టులోనుండియే తమ నంబరుకు ఫోను చేసితిని. మనుషులెవరూ ఎత్తలేదు, మిషను మాటలాడినది. "మా ఆవిడకి కన్ను మూసుకుపోయిందండీ" అని చెప్పితిని. సరిగ్గా అప్పుడే ఒక లారీ హారను కొట్టెను. మిషనుకు "మా ఆవిడ కన్ను మూసిందండీ" అని వినబడెనట.

2. "ఇది నిజమేనా?" అని మిషను తిరిగి అడిగినదట. ఆ రొదలో నాకది వినబడలేదు. అదే సమయమున కండక్టరు గారొకరు "టీలో అల్లం వేశావా?" అన్నారు. "అవునండీ" అంటిని. ఆ ఒక్క మాట మాత్రము మిషనుకు స్పష్టముగా వినబడినది.

3. అపాయింట్‌మెంటుకు బదులు సంతాప సందేశము వచ్చినది. ఆరోగ్య కార్డు రద్దయినది. ఆసుపత్రి కౌంటరులో అమ్మాయి నా భార్యతో "మీరు లేనట్టు చూపిస్తోందమ్మా" అన్నది.

"ఉన్నాను కదమ్మా, నీ ఎదురుగానే!"

"నాకు కనపడుతున్నారండీ. సిస్టమ్‌కే కనపడట్లేదు."

4. తమ కార్యాలయమునకు వచ్చితిమి. గుమాస్తా గారు "నిశ్శబ్దంగా ఉన్నచోట నుంచి ఆవిడ చేతే చెప్పించండి" అని సలహా ఇచ్చిరి. మా జంక్షన్‌లో అట్టి చోటు ఎక్కడున్నదో తమరే సెలవీయవలెను. చివరకు చర్చిలో తలుపులు బిగించుకొని, నా భార్య ఫోనులో "నేను బతికే ఉన్నానండీ" అని చెప్పినది. "మరణించినవారి తరఫున కుటుంబసభ్యులు మాత్రమే మాట్లాడవలెను" అని మిషను జవాబిచ్చినది. ఈసారి ఒక్క అక్షరము కూడా తప్పు వినలేదు.

5. ప్రస్తుతము కంటినుండి చీము కారుచున్నది. ఆలస్యమైతే చూపు పోవునని మందుల షాపు వారు భయపెట్టుచున్నారు. అయ్యా, నాకిక ఈ భాష రావట్లేదండీ. నొప్పికి మా ఆవిడ గోడ పట్టుకుని నిలబడుతోంది. వినడానికి ఒక్క మనిషిని పెట్టండి. వచ్చి ఎదురుగా నిలబడి చెబుతాం.

కావున దయతో నా మొర చిత్తగించి, తక్షణము కార్డు పునరుద్ధరింప ప్రార్థన.

సజీవురాలైన భార్య గల తమ విధేయుడు,
ఎలీషా

తా.క.: అయ్యగారూ, నేను హెప్సిబానండీ. ఈ కాయితం నేనే తెచ్చాను. మీ గది బయట బల్ల మీద కూర్చున్నాను. పేరు పెట్టి పిలవండి, పలుకుతాను.