కుడి భుజం మీది బిళ్ళ

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాసేది. ఇక్కడ మేమందరం తింటున్నాం, పడుకుంటున్నాం, ఎవరి పనులకు వాళ్ళం వెళ్తున్నాం. దాన్ని క్షేమమే అనాలి. నువ్వూ అక్కడ క్షేమంగా ఉన్నావని నమ్ముతున్నాను. ఈ ఉత్తరం టపాలో రాలేదని చూడగానే తెలుస్తుంది. మీ వైద్య గదిలో నీతో పనిచేసే నర్సు సెలవు ముగించుకుని వస్తూ, నీకేమైనా పంపుతామేమోనని మన ఇంటికి వచ్చింది. అమ్మ నీకోసం అల్లిన ఊలు మేజోళ్ళ లోపల దీన్ని మడిచి పెడుతున్నాను. చదివాక పొయ్యిలో వేసెయ్.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెబుతాను. లేకపోతే మళ్ళీ "అడిగింది చెప్పవు, అడగనిది దంచుతావు" అంటావు. అమ్మ మోకాలు మునుపటికన్నా నయం. మెట్లు బాగానే దిగుతుంది, ఎక్కేటప్పుడు మాత్రం ప్రతి అంతస్తులోనూ ఆగి, అక్కడివాళ్ళింట్లో ఏం వండుతున్నారో కనుక్కుని మరీ వస్తుంది. మోకాలికి విశ్రాంతి, నోటికి పని. మీ బావ సిగరెట్లు మానేశాడు, అంటే ఇంట్లో మానేశాడు. బడి నుంచి వచ్చేటప్పుడు లవంగం నములుతూ వస్తాడు, నేను వాసన రానట్టు నటిస్తాను. నీ మేనకోడలికి ముందు పళ్ళు రెండూ ఊడాయి. మావయ్య వచ్చేలోగా మొలవకపోతే ఎలా అని దాని బెంగ.

ఇంకో రెండు ప్రశ్నలు మిగిలాయి. కొత్తగా ఇచ్చిన యూనిఫాం చొక్కాలో కుడి భుజం దగ్గర, గుడ్డ లోపల గట్టిగా ఏదో తగులుతోందనీ, కుట్టు విప్పి చూడనా అనీ రాశావు. రెండోది నువ్వు ఎన్నేళ్ళనుంచో అడుగుతున్నదే, "అక్కా, ఇంతకీ నీ ఉద్యోగం ఏంటి?" అని. పొలాలకు మందు కొట్టే చిన్న విమానాలు చేస్తామని నేను నీళ్ళు నములుతూ వచ్చాను. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే.

మేం చేసేది మనిషి లేని యుద్ధ విమానం. విప్పిన చాపంత ఉంటుంది. మబ్బు పట్టిన రోజు ఆకాశం ఏ రంగులో ఉంటుందో ఆ రంగులో ఉంటుంది. రాడార్‌కు దొరకదు, తలమీద నుంచి పోయినా చప్పుడు వినపడదు. ఒకసారి ఎగిరాక దాన్ని ఎవరూ నడపరు. ఎవరు శత్రువో, ఎవరు కాదో తనంతట తనే చూసి తేల్చుకుని, చేయాల్సింది చేసేస్తుంది. ఎవరితోనూ మాట్లాడదు, ఎవరి మాటా వినదు. మాటలు నడిస్తే ఆ జాడ పట్టుకుని శత్రువు దాన్ని కూల్చేస్తాడు, లేదా మన గొంతుతోనే దానికి అబద్ధం చెబుతాడు. అందుకే మేం దాన్ని మూగమ్మ అంటాం. దాన్ని మూగదాన్ని చేసే పని నాది. టీవీ పక్కన ఉన్న ఆ ఇత్తడి జ్ఞాపిక, నువ్వు తాళాలు తగిలించేది, దానికే ఇచ్చారు. ఆ రోజు నేను ఎంత పొంగిపోయానో నాకింకా గుర్తుంది.

నీ భుజంలో తగులుతున్నది గోరంత బిళ్ళ. మన కంటికి కనపడని వెలుగు చిమ్ముతుంది, గుడ్డలోంచి కూడా. మూగమ్మకు అది కనపడితే చాలు, ఆ మనిషినీ, అతనికి నాలుగడుగుల్లో ఉన్నవాళ్ళనూ ముట్టదు. మనవాళ్ళకు అదే ఆనవాలు.

దీన్ని ఎలా పరీక్షిస్తామో చెబితే నవ్వుతావు. ఒక ఎండిపోయిన మైదానంలో ప్లైవుడ్‌తో ఉత్తుత్తి ఇళ్ళు కట్టాం. మా ఆఫీసు జనమే వేషాలు వేస్తారు. గొడుగు పట్టుకుని, సైకిలు నడిపించుకుంటూ, నెత్తిన బుట్టతో తిరిగేవాళ్ళు ఊరివాళ్ళు. నల్లరంగు గొట్టం భుజాన పెట్టుకున్నవాళ్ళు శత్రువులు. బిళ్ళ కుట్టిన చొక్కా వేసుకున్నవాళ్ళు మనవాళ్ళు. పరీక్షలో మూగమ్మ దగ్గర బాంబులుండవు, సుద్దపొడి పొట్లాలుంటాయి. శత్రువు అనుకున్నవాడి నెత్తిన పొట్లం వేస్తుంది. తెల్లగా తిరిగొచ్చినవాడు చచ్చినట్టు లెక్క. మా క్యాంటీనాయన వాళ్ళకే ముందు టీ పోస్తాడు. "పాపం పోయినవాళ్ళు, దాహంగా ఉంటారు" అంటాడు. మేం పగలబడి నవ్వేవాళ్ళం.

కిందటి నెల పరీక్షలో మా అకౌంటెంటు ఊరివాడి వేషంలో తిరుగుతూ గుంటలో కాలు పెట్టి మడమ బెణికించుకున్నాడు. ఆయన కూర్చుంటే కుర్చీ కనపడదు, అంత మనిషి. పక్కనే మా జీపు డ్రైవరు మనవాళ్ళ వేషంలో, బిళ్ళ చొక్కాతో ఉన్నాడు. ఆయన్ని బస్తాలా కుడి భుజాన వేసుకుని మేం కూర్చున్న గుడారం వైపు నడిచాడు. సగం దారిలో ఇద్దరి నెత్తినా పొట్లం పగిలింది. తుమ్ముకుంటూ, నిలువెల్లా తెల్లగా వచ్చారు.

"ఏంటి మేడమ్, మీ మూగమ్మకి నేనంటే గిట్టదా? బిళ్ళ పెట్టుకునే ఉన్నాగా" అన్నాడు డ్రైవరు.

"నిన్ను చూసి కాదయ్యా, నన్ను చూసి వేసింది. ఇంత లావుంటే ఊరివాడెలా అవుతాడనుకుంది" అన్నాడు అకౌంటెంటు.

నేనూ అందరితోపాటు నవ్వాను. పరీక్షలో వేషం ప్రకారం ఎవరూ ఎవర్నీ మోయకూడదు. కాబట్టి అది పరీక్షలో లేని సంగతని ఆ రోజు లెక్కలోంచి తీసేశాం. తీసేయమన్నది నేనే.

ఆ వారమే నీ ఉత్తరం వచ్చింది. అమ్మకు పైకి చదివి వినిపిస్తున్నాను. మీ వంటాయన కాలి మీద మరిగే నూనె పడితే, ఆయన్ని భుజాన వేసుకుని కొండ దిగావనీ, కిందికి వచ్చేసరికి నీ భుజం నీది కాకుండా పోయిందనీ రాశావే, అక్కడికి వచ్చాను.

"వేలు తెగితే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు, ఇప్పుడు జనాన్ని మోస్తున్నాడు చూడవే" అని మురిసిపోయింది అమ్మ. నేను ఆ వాక్యమే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

"ఏంటే, ఆగిపోయావ్?"

"వీడి రాత అర్థం కావట్లేదమ్మా" అన్నాను. నింద నీ చేతిరాత మీద వేశాను. ఎలాగూ దానికి ఆ అర్హత ఉంది.

మర్నాడు డ్రైవరునూ అకౌంటెంటునూ బతిమాలి మైదానానికి తీసుకెళ్ళాను. పాపం, ఆయన మడమకు కట్టు ఇంకా ఉంది. మళ్ళీ మోయించాను. మళ్ళీ పొట్లం పడింది. ఎన్నిసార్లు మోయిస్తే అన్నిసార్లూ పడింది. కారణం తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. భుజాన మనిషిని వేసుకుంటే ఆ ఒళ్ళే బిళ్ళను కప్పేస్తుంది. మోయించుకునేవాడికి బిళ్ళ ఉన్నా అది మోసేవాడి వీపుకు అతుక్కుపోతుంది. ఇక పై నుంచి చూస్తే, భుజాన అడ్డంగా మనిషి ఉన్నవాడికీ గొట్టం ఉన్నవాడికీ మూగమ్మకు తేడా తెలియదు. బిళ్ళ విప్పి డ్రైవరు టోపీలో, నడినెత్తిన కుట్టించి పంపాను. ఒక్కసారి కూడా పడలేదు. మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోస్తే, వాళ్ళెవరికీ బిళ్ళ లేకపోయినా, వదిలేసింది. బిళ్ళ లేని మనిషి ఒక్కడే ఇంకొకరిని మోసుకెళ్తే మాత్రం ఎప్పుడూ వదల్లేదు. ఆ రోజు క్యాంటీనాయన తెల్లబడ్డవాళ్ళనీ కానివాళ్ళనీ చూడకుండా అందరికీ టీ పోశాడు.

మా పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. చెడ్డవాడు కాదు. నాకు పని నేర్పింది ఆయనే. నా పురిటప్పుడు ఆసుపత్రికి తన కారులో తీసుకెళ్ళింది కూడా ఆయనే.

"దీనికి చిన్న చెవి పెడదాం సార్, తప్పు జరుగుతుంటే ఆగమని చెప్పడానికి" అన్నాను.

"చెవి పెడితే అందులో ఎవడైనా ఊదుతాడమ్మా. ఈ మాట నాతో చెప్పింది మీరే కదా."

"పోనీ, బిళ్ళ టోపీలోకి మారుద్దాం."

"చొక్కాలన్నీ పంచేశారు. వచ్చే విడతలో చూద్దాం."

"మరి బిళ్ళ లేనివాళ్ళ సంగతి?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అది మనల్ని ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మీ తమ్ముడు అక్కడే ఉన్నాడు కదూ? నేనొక మాట చెబితే వెనక్కి, పెద్దాసుపత్రికి బదిలీ చేసేస్తారు. మీరు మాత్రం ఈ మోయించిన సంగతి ఇక్కడితో వదిలేయాలి."

ఇంతసేపు సాగదీసింది ఈ మాట దగ్గరికి రావడానికి ధైర్యం చాలకే. నేను సరేనన్నాను రా. ఆలోచించుకుని చెబుతానని కూడా అనలేదు. ఆయన మాట పూర్తికాకముందే తలూపాను. మూగమ్మల్ని లారీలకెక్కించి మీవైపు పంపేశారు. నేను ఇంటికొచ్చి నీ బదిలీ సంగతి అమ్మకు చెప్పాను. అమ్మ నా చేయి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎన్నాళ్ళకో ఆ పూట కడుపునిండా తిన్నాను. అది కూడా నీతో చెప్పేయాలి.

నిన్న మీ నర్సు వచ్చింది. నీ గురించి అడిగితే అమ్మకు పొంగిపోయేంత చెప్పింది.

"అటువైపు కొండమీద ఊళ్ళకి బండి పోదండి. పిల్లల్నీ పెద్దల్నీ వీపున వేసుకునే తెస్తారు. ఎవరో వస్తున్నారంటే చాలు, మీవాడు చేతిలో పనొదిలేసి ఎదురెళ్తాడు. మొన్న ఒకాయన భార్యని ఒక్కడే మోసుకొస్తున్నాడు, నొప్పులు పడుతోందామె. సగం దారిలో మీవాడు ఆమెని తన భుజానికి మార్చుకున్నాడు. తల్లీ బిడ్డా బాగున్నారు."

అమ్మ ఆమెకు ఇంకో కప్పు టీ పోసింది. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, గిన్నెలేవీ లేకపోయినా అక్కడే నిలబడ్డాను. ఆ మనిషికి బిళ్ళ లేదు. అతని భార్యకు లేదు. పుట్టినదానికి అసలే లేదు. నీ ఒక్కడి బదిలీ చూసుకుని నేను నోరు మూసుకున్నాను.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదువు. ఈ రోజే చొక్కా కుట్టు విప్పి, బిళ్ళను టోపీ లోపల నడినెత్తిన కుట్టుకో. నీకు సూదిలో దారం ఎక్కించడం రాదు, నర్సుని అడుగు. మీవాళ్ళందరికీ చెప్పు, ఒక్కడిని కూడా వదలకు. ఎవరు చెప్పారని అడుగుతారు. నా పేరు చెప్పు, దాచకు. ఉద్యోగం పోతుంది, అంతకన్నా ఎక్కువే పోవచ్చు. మీ బావకు అంతా చెప్పాను. ఆయన హాల్లోనే కూర్చుని సిగరెట్ వెలిగించుకున్నాడు. నేను లేచి కిటికీ తెరిచాను.

కొండవాళ్ళకు కబురు పెట్టు, రోగుల్ని మంచం మీదే తెమ్మను, నలుగురూ కలిసి మోయమను. ఎందుకని అడిగితే ఏం చెబుతావో నీ ఇష్టం. మంచం పట్టడానికి మనుషులు లేనివాడికి ఏం చెప్పాలో ఎంత ఆలోచించినా నాకు తోచలేదు. అలాంటివాడు వస్తుంటే, టోపీలో బిళ్ళ ఉన్నవాడు ఎవరో ఒకరు ఎదురెళ్ళి, అతని పక్కనే నడవాలి. అంతకు మించి నాకు దారి కనపడలేదు.

నీ బదిలీ కాగితం ఈ నెలలోనే వస్తుంది. నువ్వు వచ్చేస్తే నీ చోటులోకి వచ్చేవాడికి పని వదిలేసి ఎదురెళ్ళే అలవాటు ఉంటుందో లేదో నాకు తెలియదు. వచ్చెయ్యమనీ, ఉండమనీ చెప్పే ముఖం నాకు లేదు. నాకు భయంగా ఉంది రా. నువ్వు అక్కడే ఉండిపోతావని భయం, వచ్చేస్తావని కూడా భయం.

నర్సు ఇంకాసేపట్లో వస్తుంది. పక్క గదిలో అమ్మ నీ పరుపు ఎండలో వేయాలని మీ బావ చేత లాగిస్తోంది. "త్వరగా వచ్చెయ్యమని రాశావటే?" అని ఇప్పుడే కేకేసింది. రాశానమ్మా అన్నాను. నువ్వు మొదటినుంచీ చదివావు. ఆ మాట ఇందులో ఎక్కడా లేదు.

ఇట్లు,
నీ తోడబుట్టిన
అక్క