బెల్టు కింద మచ్చ

జూలై 6
వాన. నా పిల్లి చెవి దగ్గర బొచ్చు ఊడింది. గుండ్రంగా, ఎర్రగా. అత్త చూసింది. "గది తామరే. ఒళ్లె పెట్టుకొని తిప్పినవ్ గద, ఇగ అందరికీ అంటియ్యి."

జూలై 8
అత్త మోచేతి మీద కూడా మచ్చ. ఇల్లంతా ఫినాయిల్ వాసన. నా చీరలు వేరే బకెట్లో నానబెట్టమంది. నేనూ పిల్లీ ఒకటే అయ్యాం ఈ ఇంట్లో.

జూలై 9
బావ — మా ఆయన — బొగ్గుబాయి డ్యూటీ నుంచి సీసాలో నల్ల ఆయిల్ తెచ్చాడు. మిషన్లలో వాడేసింది. "బాయి కాడ కుక్కలకు గిదే రాస్తం. దెబ్బకు పోతది." పిల్లికి రాసేశాడు. ఆయన స్నానానికి పోగానే సబ్బుతో కడిగేశాను. అప్పటికే సగం నాకేసింది. ఒకటే వాంతులు...

జూలై 10
అత్త — "ఆదివారం పిల్లిని సంచిల ఏసి గోదారి బ్రిడ్జి అవుతల ఇడ్శిరా కొడుకా."
బావ — "సరే తియ్."
నన్నెవరూ అడగలేదు. నేను చదివింది ఐదో తరగతే. అయితే?

జూలై 11
పశువుల దవాఖానకు పోయాను. ఒక్కదాన్నే. కూరగాయల బుట్టలో పిల్లి, పైన తువ్వాల. అక్కడన్నీ బర్రెలు, మేకలు. "పిల్లికి మందేంది చెల్లె, ఊర్ల పిల్లులు కరువా?" అన్నాడు మేకను పట్టుకున్నాయన. అందరూ నవ్వారు. తల వంచుకున్నాను. వెనక్కి మాత్రం రాలేదు.

డాక్టరమ్మ మందు రాసింది. "నయమైతది, టైం పడ్తది. అందాక ఓ మూలకుంచు. ముట్టుకుంటే చేతులు కడుక్కో. మచ్చలున్న మనుషులు గూడ మందు వాడాలె, లేకుంటే మళ్ల మళ్ల వస్తది." తర్వాత అడిగింది — "ఇంట్ల ముందుగాల ఎవలకొచ్చింది?"

పిల్లికే అనబోయాను. ఆగిపోయాను.

బావ నడుము. బాయిలోకి దిగేటప్పుడు ల్యాంపు బ్యాటరీ బెల్టు కట్టుకునే చోట. లోపల నీళ్లు, తడి బట్టలు, చెమట... పిల్లి మా ఇంటికి రాకముందే ఉంది ఆ మచ్చ. లుంగీ పైకి కట్టి దాస్తాడు. నేనొక్కదాన్నే చూశాను.

చెప్పాను. సిగ్గుతో చచ్చిపోతూ చెప్పాను.

"ఎవల నుంచి ఎవలకో చూడంగనే చెప్పలేం. మచ్చలున్న అందరికీ మందు పడాలె" అంది.

జూలై 12
ఆదివారం. పొద్దున్నే అత్త సంచి దులిపింది.

"అది యాడికీ పోదు అత్తా." నా గొంతేనా!

"రోగమొచ్చిందని ఇడ్శిపెట్టాల్నంటే బావను గూడ ఇడ్శిపెట్టాలె. ఆయన నడుముకున్నది. పిల్లి రాకముందే ఉన్నది."

అత్త కొడుకు వైపు చూసింది. కొడుకు నా వైపు. చాయ్ గ్లాసు చేతిలోనే.

"ఏందే, నోరు లేస్తున్నది?" అన్నాడు బావ.

"లేస్తున్నది" అన్నాను. "రేపు దవాఖానకు పోదాం. నేనొస్త నీ ఎంబడి."

బావ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. బండి తీసి బయటికి పోయాడు. ఎక్కడికో చెప్పలేదు.

మధ్యాహ్నం
పిల్లికి మందు రాశాను. చేతులు కడుక్కున్నాను. సంచి ఇంకా అత్త ఒళ్లోనే ఉంది, మడత పెట్టి.

వంటింటి గడప మీద అడ్డంగా పీట వేసుకుని కూర్చున్నాను. నా వెనక పిల్లి. సందు మలుపులో బండి చప్పుడు...

రానీ.